ఏడో నెంబరుకు పార్టీ లేదు

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు పదిమంది ఒక్క గొంతుతో అరిచారంటే, ఎన్నికలైనా వచ్చి ఉండాలి, తగువైనా ముదిరి ఉండాలి. ఆటను చూసి కూడా అలా అరవవచ్చని పిల్లలకు నేర్పే పని, బడిలో కొత్తగా చేరిన లెక్కల టీచరు మీద, అంటే నా మీద పడింది. ఇప్పటి పిల్లలు మొహాలకు రంగులు పూసుకుని, ఈలలు వేసుకుంటూ మ్యాచ్‌లకు పోవడం చూసినవాళ్ళు, కేక వేయడం కూడా ఒకరు నేర్పాలా అని నవ్వుతారు. నవ్వండి గానీ, మా ఆడపిల్లల ఖోఖో జట్టు సంగతి విన్నాక నవ్వండి.

మాది క్రైస్తవ మిషను వాళ్ళు ఎప్పుడో కట్టిన ఆడపిల్లల బడి. పెద్దముడియం వైపు రెండు ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలే హాస్టల్లో సగం మంది. వాటిని పైవూరు, కిందూరు అంటాను (అసలు పేర్లు రాసి ఈ వయసులో నేను సాధించేదేమీ లేదు). పైవూరి పెద్దలది ఒక పార్టీ, కిందూరి పెద్దలది ఇంకొకటి. రెండు ఊళ్ళకూ మధ్య నడిచినవి మాటలు మాత్రమే కావని మీకు తెలుసు. పిల్లలు కొట్టుకునేవారు కాదు. కానీ క్లాసులో బెంచీలు వేరు, అన్నం దగ్గర వరుసలు వేరు. ఒక వరుసలో సాంబారు అయిపోతే రెండో వరుసలో ముసిముసి నవ్వులు.

మా జట్టులో గాలిలా పరిగెత్తే పిల్ల ఒకతి ఉండేది. పైవూరి పిల్ల, సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. చొక్కా మీద ఏడో నెంబరు. అంతకుముందు సంవత్సరం పులివెందులలో జరిగిన పోటీలో ఆమె ఔటవగానే చప్పట్లు మోగాయట. కొట్టింది అవతలి బడివాళ్ళు కాదు, మా బడి కిందూరి పిల్లలు. ఆ సాయంత్రమే ఆమె చొక్కా మడిచి డ్రిల్లు టీచరు చేతిలో పెట్టేసిందట. నేను బడిలో చేరాక ఎందుకమ్మా అని అడిగితే, తల వంచుకునే చెప్పింది.

“అవతలోళ్ళు తరుముతాంటే పరిగెత్తగలను టీచరమ్మా. మనోళ్ళే తరుముతాంటే యాడికని పరిగెత్తేది?”

ఆ మాటను తీసుకుపోయి మా పెద్ద టీచరమ్మ ముందు పెట్టాను. ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “ఈసారి పోటీ ప్రొద్దుటూరులో. ఆ పిల్ల ఆడాల, బడంతా ఆ పిల్ల కోసమే అరవాల. మళ్ళీ మన పిల్ల ఔటయితే మనమే చప్పట్లు కొట్టుకున్నామంటే జట్టునే ఎత్తేస్తా. నీకు కూడికలొచ్చు గదా, ఈ గొంతుల్ని కూడి చూపించు” అన్నారు.

నేను శ్రద్ధగా ఒక పద్ధతి తయారుచేశాను. రెండు చప్పట్లు, ఆగి మూడు, మళ్ళీ రెండు. వారం రోజులు సాధన చేయించాను. చివరికి కిందూరి పిల్ల ఒకతి లేచి, “ఏంది టీచరమ్మా ఇది, రొట్టెలు తట్టినట్టుండాది” అంది. ఆ పిల్లను అందరూ మైకు అనేవారు. వాళ్ళ నాయన ఎన్నికలప్పుడు జీపులో నిలబడి నినాదాలిచ్చే మనిషి. ఆయన గొంతే ఈమెకు వచ్చింది. ఏదీ, నువ్వు చేసి చూపించమన్నాను. వరండాలో నిలబడి ఒక్క కేక వేసింది. చర్చి మీది పావురాలన్నీ లేచిపోయాయి. వంటామె గరిటె పట్టుకుని బయటికొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఛాతీలో అంత గాలి ఎలా పడుతుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

“నువ్వే ముందుండి అరిపించాల” అన్నాను.

“ఎవురి కోసం? ఆ పిల్ల పేరు నా నోట్లోంచి రాదు టీచరమ్మా. మా నాయనకు తెల్సిందంటే ఈపు పగుల్తాది.”

అప్పుడు తట్టింది నాకు. “పేరొద్దు, ఏడో నెంబరు అను చాలు.”

మైకు నా దగ్గరికొచ్చింది. “నెంబరుకు పార్టీ లేదు గదా?”

“లేదు.”

“కులం?”

“అదీ లేదు.”

“అయితే అంటాలే.”

పెద్దమనుషుల పంచాయితీలు చేయలేని పనిని అంకె చేసిందని ఆ రోజు నేను నేల మీద నడవలేదు. ఏడో నెంబరు మాత్రం చొక్కా తిరిగి తీసుకుంటూ, “మనోళ్ళది ఒక్క చప్పట వినపడినా ఆట మధ్యలోనే వచ్చేస్తా” అంది. అన్నంత పనీ చేసే పిల్ల.

ప్రొద్దుటూరులో బస్సు దిగి మైదానానికి నడుస్తున్నాం. నలభై మంది వెళ్ళామని మా డ్రిల్లు టీచరు చెప్పుకునేది, మేం ముప్పై ఎనిమిదిమందిమే. బజారు మధ్యకు రాగానే మైకుకు ఉత్సాహం ఆగలేదు. “ఏడో నెంబరూ...” అంది. “జిందాబాద్!” అన్నారందరూ. “అడ్డమొస్తే...” అంది. “ఖబడ్దార్!” (ఇది నేను నేర్పిన పాఠంలో లేదు.) టపటపా షట్టర్లు పడ్డాయి. బజ్జీలాయన మూకుడు స్టవ్వు మీదే వదిలేసి సందులోకి పోయాడు. బట్టల షాపాయన సగం దించిన షట్టరు కింద నుంచి తల పెట్టి, “ఎవురి మనుషులమ్మా మీరు?” అనడిగాడు. “జమ్మలమడుగోళ్ళం!” అని మైకు గర్వంగా చెప్పింది. మిగిలిన సగం కూడా పడిపోయింది.

ఇంతలో సైకిలు మీద ఒక కానిస్టేబుల్ రొప్పుతూ వచ్చాడు. “ఎవుడు ఏడో నెంబరు? ఏ కేసులో ఏడో ముద్దాయి?”

నెంబరుకు పార్టీ ఉండదని తెలుసు గానీ, కేసుంటుందని నాకు తోచలేదు. రెండు జడల పిల్లను ముందుకు తోసి, “ఈమేనప్పా” అన్నాను. ఆయన ఆమెను కిందికీ మీదికీ చూసి, టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. “ఈ పాప కోసమా బజారు మూసినారు! పాండి, నేనూ వస్తా. దోవలో ఇంకోతూరి అరిచినారంటే షాపులోళ్ళు నన్ను తింటారు.”

ఆటలో స్కోరు రాసే పని నాది. ప్రొద్దుటూరు పిల్లలు గట్టివాళ్ళు. చివరి విడతలో మావాళ్ళు ముగ్గురు దిగితే చూస్తుండగానే ఇద్దరు ఔటయ్యారు. ఏడో నెంబరు ఒక్కతే మిగిలింది. అంతవరకు ఆమె పరుగు నేను సరిగ్గా చూడనేలేదు. కూర్చున్న పిల్లల మధ్య నుంచి సూదిలో దారంలా దూరిపోతోంది. చెయ్యి భుజానికి తగిలిందనుకునే సరికి అక్కడ ఉండటం లేదు. మావాళ్ళు “ఏడో నెంబరూ!” అంటూనే ఉన్నారు. అంతలో స్తంభం దగ్గర మలుపులో కాలు జారి మోకాళ్ళ మీద పడింది.

నా కళ్ళు ఆటను వదిలి కిందూరి పిల్లల చేతుల మీదికి పోయాయి. ఒక్క చప్పట పడితే ఆ పిల్ల ఇక లేవదు.

మైకు లేచి నిలబడింది. నెంబరు మరిచిపోయింది. ఆమె పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా, “లెయ్ మే! లేచి ఉరుకు!” అని ఒక కేక వేసింది. పైవూరి పిల్లలు, కిందూరి పిల్లలు అందరూ మైకు వైపు చూశారు. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. తర్వాత అందరూ ఆ పేరే అందుకున్నారు. పెన్న పొంగినప్పుడు గండికోట లోయలో నీటి హోరు విన్నాను నేను. ఆ మధ్యాహ్నం విన్నది దానికంటే పెద్దది. కానిస్టేబుల్ టోపీ ఎగరేశాడు. ఆ పిల్ల ఎప్పుడు లేచిందో నేను చూడలేదు, విజిలు ఊదేదాకా ఎవరికీ అందలేదు.

తిరుగు బస్సు అరుపులతో ఊగిపోతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, “శానా పెద్ద గెలుపేమో గదమ్మా!” అన్నాడు.

“ఓడిపోయినాం మామా!” అన్నారు పిల్లలు.

“ఓడిపోయి ఇంత అరుస్తాండారా!” అని ఆయన నోరు తెరుచుకునే బస్సు నడిపాడు.

మైకు ఒక్కతే అరవడం లేదు, గొంతు పూర్తిగా పోయింది. పక్కన కూర్చున్న ఏడో నెంబరు తన మంచినీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. “వచ్చే యేడు కూడా ఈ చొక్కానే ఈయండి టీచరమ్మా.”

నేను తేదీలు, లెక్కలు మరిచిపోయే మనిషిని కాను. నా మొదటి జీతం, ఆ నాటి బస్సు చార్జీ, ఏ పిల్లకు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో అడగండి, పైసా తేడా లేకుండా చెబుతాను. ఆ రోజు ఎన్ని పాయింట్లతో ఓడామో మాత్రం అడగకండి. పెన్ను పారేసి, బల్ల ఎక్కి, ఖబడ్దార్ అని అరుస్తున్న లెక్కల టీచరు స్కోరెలా రాస్తుంది?