అక్క ఒంటిచేత్తో నూకిన కారు

పెట్రోలు ధర మండిపోయిన డెబ్బై నాలుగుల మా బావ మల్లేశంకు పిచ్చి లేసింది. బోరబండల మెకానిక్ ఆయన. ఒక పాత ఫియట్ కారు ఇంజన్ పీకేసి, కరెంటు మోటరు, లారీ బ్యాటరీలు బిగించిండు. కారు నడిచింది గని, మాదాపూర్ చేరకముందే బ్యాటరీలు దిగిపోతుండె.

“కరెంటంత టైర్లే గుంజుతున్నయి” అన్నడు. ఇగ ఆ ఇంట్ల అదొక్కటే ముచ్చట. ఒక్కో తీరు టైర్లు తెచ్చి బిగించుడు, మా అక్క భూలక్ష్మిని పిలిచి “ఒక్క చేత్తోనే నూకు” అనుడు. కొత్త టైర్లకు బండి కదల్లే. ఆఖరికి అరిగి నున్నగైన టైర్లకు రాయి లెక్క గాలి కొట్టిండు. అక్క చెయ్యి ఆనిచ్చిందో లేదో, కారు ఉరికింది. ఆమె అంత గట్టిగ నవ్వంగ నేను గప్పుడే చూసిన.

“గవి తడిల ఆగుతయా బావా?” అంటే, “నీకేమెరుక, నోర్మూసుకో” అన్నడు.

ఆ వానకాలం అక్కను కూసోపెట్టుకొని మాదాపూర్ బయలెల్లిండు. ఎత్తు ఎక్కుతుంటే కారు ఆగింది. హ్యాండ్ బ్రేకు ఎన్నడో తెగింది. మెకానిక్‌లంతా చేసినట్టే బండిని గేర్ల ఏసి, బ్రేకు మీది కాలు తీసి, బానెట్ ఎత్తనీకి దిగిండు. గేర్ల ఉన్న బండిని జారకుంట పట్టేది ఇంజన్. దాన్ని పీకి పారేసింది తనే అయినా, గా సోయి లేకపాయె!

అక్క అప్పటికే దిగి, ఎనక టైరు కింద పెట్టనీకి రాయి తెస్తున్నది. కారు ఎనకకు జారింది. పక్కకు దుంకితే బతుకుతుండె. దుంకలే. ఒంటిచేత్తో కదిలిన బండేనాయె అనుకొని, రెండు చేతులు అడ్డం పెట్టింది.