హన్మకొండలో నాకు దొరికిన చెల్లెలు

పార్కులో నేను చెప్పిన ప్రకారం మేమిద్దరం లక్నవరం చెరువు దగ్గర మూడు రోజులున్నాం. పడవ నేనే నడిపాను. వేలాడే వంతెన మీద ఆవిడ భయపడితే చెయ్యి పట్టుకుని దాటించాను. విన్నవాళ్లంతా పెన్షనర్లు. రోజూ ఒకే బాట చుట్టూ పదిసార్లు తిరిగే మనుషులకు ఇంతకంటే తక్కువ చెబితే అన్యాయమనిపించింది.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇప్పుడు సరిదిద్దుకుంటాను. రెండు రోజులే. అందులో ఒక పూట ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరే పోయింది. పడవ నడిపింది పడవవాడు. వంతెన మీద చెయ్యి పట్టుకున్న మాట నిజమే గాని, భయపడింది ఆవిడ కాదు.

నేను తెనాలి వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక సర్కారు కర్మాగారం స్టోర్సులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. అప్పటికి నా భార్య పోయి ఆరేళ్లు. నాతో లక్నవరం వచ్చినావిడ పార్కులో నడకకొచ్చే నాచారం మనిషి, బడిలో లెక్కల టీచరుగా చేసి కొత్తగా రిటైరైంది. తండ్రి తొందరగా పోతే ముగ్గురు తమ్ముళ్లనీ ఒక చెల్లెల్నీ చదివించి, పెళ్లిళ్లు చేసి, తను మాత్రం చేసుకోలేదు. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్లు. నేను ‘మీరు’ అంటుంటే ఆవిడ నన్ను మొదటి రోజు నుంచీ ‘నువ్వు’ అంది. మొదట్లో నొచ్చుకున్నాను. తరవాత ఆ నువ్వు వినడానికే పొద్దున్నే స్నానం చేసి మరీ పార్కుకు వెళ్లేవాణ్ణి.

“ఏం బావా, ఇయ్యాల గర్ల్‌ఫ్రెండ్ రాలే?” అనేవాళ్లు తోటి పెన్షనర్లు.

“ఊరుకోండయ్యా,” అనేవాణ్ణి, ఊరుకోకపోతే బాగుండునని.

ప్రయాణం మాట ఎత్తింది ఆవిడే. “ఇన్నేండ్లల్ల నేను పోయిన ఊర్లన్ని పరీక్షల డ్యూటీకో, పెండ్లికో, సావుకో పోయినయే. జర ఉత్తగ ఎటన్న పోవాలె. పనేం లేకుంట.”

“నాకు వదిలెయ్యండి. నేను తిరగని చోటు లేదు,” అన్నాను. తిరగని చోట్లే ఎక్కువ. కాని చెరువు గట్టు మీద ఆవిణ్ణి ఒక మాట అడగాలని అప్పుడే అనుకున్నాను. మిగిలిన రోజులు ఎవరింట్లో వాళ్లం ఒంటరిగా ఎందుకు, ఒక్కచోట ఉందామా అని. ఆ వాక్యాన్ని అద్దం ముందు పదిసార్లు దిద్దుకున్నాను.

ముందు అనుకున్న శనివారం ప్రత్యేక తెలంగాణ బందు. తరవాతి శనివారం ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతుల పక్కన, దుమ్ములో, సంచులు పట్టుకుని నిలబడ్డాం. వరంగల్ బస్సులు మూడు మా ముందు నుంచే ఆగకుండా పోయాయి.

“సీట్లు చెప్పి పెట్టినన్నవు గద,” అంది ఆవిడ.

“చెప్పాను. డిపోలో మనకు బాగా కావలసినాయన ఉన్నాడు.”

“పేరేంది ఆయనది?”

నేను నాలుగో బస్సుకు చెయ్యి ఊపడంలో మునిగిపోయాను. అది ఆగింది గాని కూర్చోడానికి చోటు లేదు. భువనగిరి దాకా నిలబడే వెళ్లాం. ప్రయాణం మనసును తేలిక చేస్తుందంటారు. నా మోకాళ్లను ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ మాత్రం కమ్మీ పట్టుకుని, ఘట్‌కేసర్ దాటిన దగ్గర్నుంచీ కిటికీలోంచి పొలాలు చూస్తూ తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

హన్మకొండలో లాడ్జికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. పార్కులో ఈ సంగతి చెప్పేటప్పుడు ఒకే గది తీసుకున్నామని అర్థం వచ్చేలా కొంచెం దగ్గాను. తీసుకున్నవి రెండు గదులు. కౌంటర్లో ఉన్న నడివయసు మనిషి రిజిస్టరు తెరిచి నా వంక చూశాడు.

“మేడం మీకేమైతది సార్? రాయాలె. పైనుంచి మస్తు గట్టిగ జెప్పిన్రు.”

వెనక సోఫాలో నలుగురు కూర్చుని పేపరు చూస్తున్నారు. నలుగురూ తలలెత్తారు. అద్దం ముందు దిద్దుకున్న మాటల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

“మా చెల్లెలు,” అన్నాను. అంతటితో ఆగలేదు. “సొంత చెల్లెలే. నా తరవాత పుట్టింది.”

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. తరవాత కౌంటరు వైపు తిరిగి, “రెండు రూములు దీసుకున్నంక గింత ముచ్చటేంది? జల్ది తాళాలియ్యి,” అంది.

ఆ మనిషి కలం పక్కన పెట్టేశాడు. “అన్న మాటేమో ఆంధ్ర, చెల్లె మాటేమో తెలంగాణ. ఒక్కింట్ల ఎట్ల పుట్టిన్రు సార్? రాష్ట్రమే ఇడిపోతనంటుంటే మీరేంది గిట్ల కలిసిన్రు?”

సోఫాలో వాళ్లు పేపర్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం ‘చెల్లెలు’ అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద నా చేత సంతకం పెట్టించాడు.

మెట్ల మలుపు దగ్గర ఆవిడ ఆగింది. కోపంగా అరిచినా బాగుండేది. మెల్లగా అంది: “పుట్టిన కాడికెల్లి అందరికి అక్కనే అయిన. ఈ రెండు దినాలన్న ఎవలకేం గాకుంట ఉందామని వచ్చిన. నువ్వు చెల్లెను జేసినవు.”

“కంగారులో నోరు జారింది,” అన్నాను.

“జారలే. సంతకం గూడ జేసినవు.” తాళం తిప్పుతూ, “బువ్వ తినుటానికి పిలువు, అన్నా,” అని తలుపు వేసుకుంది.

ఆ క్షణం నుంచి రెండు రోజులూ అన్నా తప్ప ఇంకో పిలుపు లేదు. టిఫిను దగ్గర ఇంకో ఇడ్లీ వేయించుకో అన్నా. ములుగు దాటాక ఆటోలో జర జరుగు అన్నా. చెరువు దగ్గర వంతెన ఊగి నేను ఇనుప తాడును కరుచుకుపోతే, నా చెయ్యి పట్టుకుని, “నీ చెల్లె ఉన్నది, ఫికర్ జెయ్యకు,” అంది. దాటాక చెప్పులు విడిచి నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పదేళ్లు చిన్నదైనట్టు కనిపించింది. నేను దాచుకున్న వాక్యం నాలుక చివర ఉంది. చెల్లెల్ని అడిగే వాక్యం కాదది. మింగేసి పల్లీలు తిన్నాను.

తిరుగు ప్రయాణంలో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. ఆవిడ కిటికీ పక్కన, నేను మధ్యలో, ఇటువైపు జనగాంలో ఎక్కిన ఒక అవ్వ. కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నా మీదుగా వంగి అవ్వ అడిగింది: “ఈన నీకేమైతడు బిడ్డా?”

పార్కులో కథ ఇక్కడికొచ్చేసరికి గొంతు పెంచేవాణ్ణి. బస్సంతా వినేలా “ఈవిడ నాకు కావలసిన మనిషి” అన్నానని చెప్పేవాణ్ణి. పెన్షనర్లలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. జరిగింది వేరు. ఆవిడ జవాబు చెప్పకుండా నా వైపు తిరిగింది. చూడకపోయినా తెలిసింది. నా కోసం ఆగింది. నేను కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నిద్రపోయాను. నిద్రపోయినట్టు పడుకున్నాను.

చాలాసేపటికి ఆవిడ అంది. “ఏం గాడవ్వా. ఉప్పల్ దాక వస్తున్నడు, గంతే.”

అన్నా అని పొడిచినంత సేపూ చిరాకుపడ్డవాణ్ణి, ఆ తరవాత మళ్లీ ఎప్పుడంటుందా అని ఘట్‌కేసర్ దాకా ఎదురుచూశాను. అనలేదు. రింగ్ రోడ్డు దగ్గర దిగి, నా చేతిలో ఉన్న తన సంచి తీసుకుని, నాచారం షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఫోను చేయడానికి నాకు రెండు గంటలు పట్టింది.

“ఇల్లు జేరినవా?” అంది, మామూలుగానే.

“చేరాను. ఒక మాట చెప్పాలి. బస్సులో నేను నిద్రపోలేదు.”

“నాకెరుకే. నిద్రవోయేటోడు ఊపిరన్న దీస్తడు. నువ్వు అదిగూడ బంద్ జేసినవు.”

“మళ్లీ ఎటైనా వెళ్దామా?” అన్నాను.

“నేనైతే వచ్చే నెల పోతున్న. అలవాటు జేసుకుంట ఇంక.” వెనక కుక్కరు కూసింది. ఆవిడ పొయ్యి తగ్గించి వచ్చినట్టుంది. “నువ్వొస్తవా అని నేనడుగ. నాకేమైతనని వస్తవో నీ నోటితోని జెప్పు, అప్పుడు చూద్దం.”

నేను గొంతు సవరించుకునే లోపల ఫోను పెట్టేసింది.