పన్నెండేళ్ళ అక్క

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పదమూడో ఏట నేను ఎదగకుండా ఉండాలని శాయశక్తులా ప్రయత్నించాను. రాత్రి కంచంలో అన్నం సగం కుక్కకి పెట్టేసి, మజ్జిగ తాగి లేచిపోయేదాన్ని. మా ఇంట్లో అది ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టాల్సిన మనిషి చూపు నా మీద ఉండేది కాదు.

మొన్న నరసాపురంలో బట్టల కొట్టుకి వెళ్ళినప్పుడు అదంతా మళ్ళీ కదిలింది. మాఘమాసం వచ్చేసింది, పరికిణీ గుడ్డ తెమ్మని నాన్న పంపారు. ఏటా ఆ పని అమ్మది. ఎంత పాపకని కొట్టాయన అడిగితే పన్నెండేళ్ళన్నాను. “మీ చెల్లికాండి?” అన్నాడాయన. నలుగురిలో నోరు విప్పడమే నాకు కష్టం, విప్పాక అబద్ధం కల్పించడం ఇంకా కష్టం. “మా అక్కకండి” అన్నాను. ఆయన నవ్వాలో వద్దో తెలియక గబగబా తానులు దించడం మొదలుపెట్టాడు.

మా అక్క మా ఇంటి దేవత. నాకు ఏడేళ్ళప్పుడు, తనకి పన్నెండు నిండిన కొత్తలో, జ్వరమొచ్చి పోయింది. పెళ్ళికాని పిల్ల అలా పోతే ఇల్లు వదిలి వెళ్ళదనీ, కన్నె పేరంటాలుగా నిలుపుకుని కొలుచుకోవాలనీ నాయనమ్మ చెప్పింది. నడిమింటి గోడకి అరచేయంత మేర పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కింద దీపం వెలిగించారు. అంతే, నిన్నటిదాకా నా జడ పట్టి లాగిన పిల్ల అమ్మవారైపోయింది. ఏటా మాఘంలో ఓ ఆదివారం ఆ గోడ ముందు కొత్త పరికిణీ, జాకెట్టు, గాజులు, రిబ్బన్లు ఉంచి, చలిమిడి, పానకం నైవేద్యం పెడతాం. తర్వాత ఆ బట్టలు ఇంటి ఆడపిల్ల కట్టుకోవాలి. పుస్తకాల పిచ్చిదాన్ని కనక దేవతల గురించి లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. పొలిమేర కాసే తల్లి ఉంది, పురిటి గదిలో పసికందుని కాచే షష్ఠీదేవి ఉంది, ఎవరూ ఇంట్లోకి రానివ్వని జ్యేష్ఠాదేవి కూడా ఉంది. లెక్కల పరీక్షనాడు కడుపునొప్పి తెచ్చుకునే దేవత మాత్రం ఏ పుస్తకంలోనూ కనపడలేదు. అటువంటి అక్కని మా బంధువులు పిల్లలకి ఇంజనీరింగ్ సీట్లు అడుగుతుంటారు. కొందరికి వచ్చాయి కూడా.

అమ్మ లేసు అల్లేది. ఒకప్పుడు వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరితే, వాళ్ళ కబుర్లలో పెద్ద గొంతు అమ్మదేనట. నాకు తెలిసిన అమ్మ మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుని, చేతిలో సూది తప్ప లోకం పట్టనట్టుండేది. నాతో మాటలు లేకపోలేదు. అన్నం తిను, తలుపెయ్యి, దీపంలో నూనె ఉందో లేదో చూడు. కోపంగా కూడా అనేది కాదు. కోప్పడాలంటే ముందు మనిషి వంక చూడాలి కదా.

మొదట్లో అక్క బట్టలు నాకు వదులుగా ఉండేవి, పిన్నీసులతో నిలబెట్టేవారు. పన్నెండో ఏట అవి కుట్టించినట్టు సరిపోయాయి. నీలం పరికిణీ, అంచుకి అమ్మ అల్లిన తెల్లటి లేసు. రిబ్బన్లు కట్టుకుని గడప దాటుతుంటే అమ్మ నన్ను ఆపి, గడ్డం పట్టుకుని, నెత్తి నుంచి పాదాల దాకా చూసింది. పక్కన కూర్చోబెట్టుకుని చలిమిడి చేత్తో తినిపించింది. చిక్కిపోయావంది, నీకు ఇష్టమని నిమ్మకాయ పులిహోర చేశానంది. నిమ్మకాయ ఇష్టం నాకు కాదు. తెలిసే తిన్నాను. సాయంత్రం పరికిణీ విప్పి గౌను తొడుక్కోగానే మళ్ళీ తలుపెయ్యమన్న గొంతే. ఏడాదికి ఒక్క పూటైనా దక్కింది కదా అనుకున్నాను, అది ఏటా దక్కాలని ఆ తర్వాత కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనుకునేదాన్ని.

దేహం నా మాట వినలేదు. మరుసటేడు కొలతలకి వచ్చిన టైలరు టేపు చుట్టి, అమ్మాయిగారు ఎదిగేరండీ, ఓ రెండంగుళాలు వదులుతానండీ అన్నాడు.

“ఎదగడమేంటండి? దానికి పన్నెండేళ్ళే” అంది అమ్మ.

టైలరు నా వంక చూశాడు, గోడ వంక చూశాడు. “ఆయ్, అలాగేనండి” అన్నాడు.

పండగనాడు ఊపిరి బిగబట్టి జాకెట్టులో చెయ్యి దూర్చాను. దీపానికి వంగేసరికి చంక కింద కుట్టు పర్రున చిరిగింది. అమ్మ జాకెట్టు మెల్లిగా విప్పి తీసుకుని, అక్కడే కూర్చుని కుట్టి, వీధి చివరింటి పిల్లని పిలిపించి తొడిగింది. నా చంకలో గీరుకుపోయిన చోటు చూడలేదు. నాయనమ్మకి ఒళ్ళు మండింది. “పోయినదానికి పీట వెయ్యమన్నాను గానీ, ఉన్నదాన్ని లేపెయ్యమన్నానేంటే?” అంది. అమ్మ ఆ పిల్లకి రిబ్బన్లు కడుతోంది. నేను పానకం గ్లాసులు అందిస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఎవరెవరి పిల్లలో ఆ బట్టలు కట్టుకుని, ఎదిగి వెళ్ళిపోయారు. అక్క ఒక్కతే పన్నెండు దగ్గర ఆగిపోయింది. నేనిప్పుడు మా అక్కకి రెట్టింపు వయసుదాన్ని.

పోయిన వానాకాలంలో అమ్మకి కాలేయం చెడింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చేసరికే మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. నాన్న మందులకీ డాక్టర్లకీ తిరుగుతుంటే మంచం పక్క స్టూలు మీద నేనుండేదాన్ని. ఒళ్ళు తుడిచేదాన్ని, నోట్లో చెంచాతో నీళ్ళు పోసేదాన్ని. నర్సు అనుకుని ఒకసారి నన్ను అండీ అంది. పరాయివాళ్ళతో మాట్లాడే ఆ మర్యాద గొంతు వినలేక వరండాలోకి వెళ్ళిపోయాను. అప్పటికి నాలో ఆశ అన్నది అయిపోయింది. చూడకుండానే వెళ్ళిపోతుందని తెలిసిపోయింది.

ఒక మధ్యాహ్నం మంచం పట్టె మీద తల ఆనించి నిద్రపోయాను. జుట్టు మీద ఏదో కదిలితే మెలకువ వచ్చింది. అమ్మ చెయ్యి. తలెత్తేసరికి కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. పన్నెండో ఏటి తర్వాత ఆ చూపు మళ్ళీ అప్పుడే. ఎవర్ని చూస్తోందో అర్థమైంది. నేను అక్కని కాదు, చిన్నదాన్నమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. అటుపైన మూడోనాడు పోయేదాకా మరి మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం, స్పష్టంగా, గుసగుసగా అంది:

“వచ్చేవా తల్లీ? మెల్లిగా మాట్లాడు. చెల్లికి ఇప్పుడే కునుకు పట్టింది. రెండ్రోజుల్నించి దానికి నిద్ర లేదు.”