ఆగడం నేర్పే మావయ్య

మా మావయ్యకు ఆగే జబ్బుంది. గుర్రాలకు నడక నేర్పడం ఆయన వృత్తి, కానీ ఆయన నడిచేదానికంటే ఆగేదే ఎక్కువ. నాలుగడుగులు వేస్తాడు, నిటారుగా నిలబడతాడు, గుండెల నిండా గాలి పీల్చి మెల్లగా వదులుతాడు, కళ్ళు అరమూసి ఏ లోకాలకో వెళ్ళిపోతాడు. పక్కనున్న గుర్రం కూడా ఆగి, ఊపిరి వదిలి, ఆయన వెంటే వెళ్ళిపోతుంది.

గుర్రంతో అయితే సరే. నడిరోడ్డు మీద కూడా అదే వరస. ఒకసారి బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమయ్యా, నిద్రపోతున్నావా?" అని అరిచాడు.

"నువ్వూ ఓసారి గాలి వదిలిచూడు బాబూ, బండి దానంతటదే నెమ్మదిస్తుంది," అన్నాడు మావయ్య.

డ్రైవరు వదిలినవి వేరే ఉన్నాయి. అవి ఇక్కడ రాయలేను.

అన్నం తింటూ కూడా ముద్ద గాల్లో ఉండగానే ఆగిపోయేవాడు. "ఈయన భోజనం అయ్యేసరికి మాకు మళ్ళీ ఆకలేస్తుంది," అనేది అత్తయ్య.

ఇలా ఉండగా మా అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది. రోజూ నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. అమ్మ చేతికర్రను బీరువా వెనక్కి విసిరేసింది. "చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేనేం పసిపిల్లనా?" అని నా మీద లేచింది. ఒక్కచోట కూర్చోవడమే తెలియని మనిషి కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయింది. నాకు నిజంగా భయం వేసింది.

మావయ్య వచ్చి తల గోక్కున్నాడు. "అక్కా, కొత్త ఆడగుర్రం నా మాట వినడంలేదు. నాకు తొందరెక్కువ. దానికి నిదానస్తులు కావాలి."

"నీకు తొందరా!" అంది అమ్మ. అయినా లేచింది. "ఇంతవాడివయ్యావు, ఒక్క గుర్రం లొంగలేదా? పద."

రోజూ పొద్దున్నే, మావయ్య గుర్రాలను తిప్పే ఇసుక మైదానం నిండా మంచు. అమ్మ గుర్రం ఎడమ భుజం దగ్గర, జూలు మీద చెయ్యి వేసి. అవతలి పక్క పగ్గం పట్టుకుని మావయ్య. నాలుగడుగులు, ఆగడం. ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలేవారు. ఆ తెల్లటి ఆవిరిలో వాళ్ళు నేలకు ఆనకుండా నడుస్తున్నట్టే ఉండేది. మధ్యలో అమ్మ గొంతు మాత్రం నేల మీదే ఉండేది: "తిన్నగా నడవవే మొద్దూ!"

ఒకరోజు నేను ముందే వెళ్ళాను. మావయ్య ఆ గుర్రమెక్కి ఉన్నాడు. అది కాలు మీద కాలు దాటిస్తూ పక్కకు జరిగింది, గీసినట్టు గుండ్రంగా తిరిగింది, ఆయన ఊపిరి వదలగానే ఎక్కడిదక్కడ నిలిచింది.

"మావయ్యా! దీనికన్నీ వచ్చుగా!"

"ష్! ఎప్పుడో వచ్చేశాయి. మీ అమ్మ చెవిన పడితే మళ్ళీ కుర్చీ ఎక్కుతుంది."

"మరి అమ్మతో నడిచేటప్పుడు అన్నిసార్లు ఆగుతుందేం?"

"మీ అమ్మ చెయ్యి జూలు మీద బరువెక్కిందంటే మోకాలు నొప్పెడుతోందన్నమాట. అప్పుడు ఆపుతాను. గుర్రం ఆగకపోతే మనిషి ఆగాలి కదా? మీ అమ్మ చచ్చినా ఆగదు."

ఆవేళ అమ్మ జూలు పట్టుకోకుండానే మైదానం చుట్టివచ్చింది. గుర్రం మెడ తట్టి, తమ్ముడి వైపు తిరిగింది.

"చూశావురా? నీవల్ల కానిది నేను నేర్పాను."

"నిజమేనక్కా. నాకు చేతకాలేదు." ఓడిపోయి అంతలా వెలిగిపోయిన మొహాన్ని నేను మళ్ళీ చూడలేదు.

"ఇలాంటి మొద్దు ఇంకోటి వస్తే చెప్పు," అంది అమ్మ. "మొహమాటపడకు."