రిబ్కక్క అరవై ఫారాలు

రేపల్లె నుంచి తెనాలికి నా బండి మీద ఇరవై నిమిషాలు. దారిలో రైలును రెండుసార్లు దాటతాను. ఒకసారి డ్రైవరు రైలు ఆపి, "కాస్త నెమ్మదిగా పోండి బాబూ, మా ప్రయాణికులు చిన్నబుచ్చుకుంటున్నారు" అని బతిమాలుకున్నాడు. ఈ మాట నమ్మని మనిషి రేపల్లెలో రిబ్కక్క ఒక్కతే. ఆరోజు నా వెనక కూర్చున్నది తనే మరి.

రిబ్కక్కది మా వీధే. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద కామర్స్ చెబుతోంది. నేను డిగ్రీ రెండో ఏట కాలేజీ మానేశాను. నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఇంకేం మిగల్లేదు. అక్క మాత్రం నలభై దగ్గర పడుతున్నా చదువుతూనే ఉంది. పీహెచ్‌డీ. మార్చి నెలాఖరులోగా సిద్ధాంత గ్రంథం అందజేస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఆ పోస్టు ఇంకొకరికి.

"ఇంతకీ ఏంటక్కా నీ చదువు?" అని అడిగాను ఒకరోజు.

"ఒకాయన డబ్బు పెట్టి బాపట్లలో కూర్చుంటాడు. ఇంకొకడు ఇక్కడ ఫ్యాక్టరీ నడుపుతాడు. లాభం వస్తే వీడికి బోనసు. ఆ లాభం పుస్తకంలో రాసేదెవరు?"

"నడిపేవాడే."

"మరి అందులో నిజమెంత? దీన్ని ఏజెన్సీ సిద్ధాంతం అంటార్రా."

"దీనికి ఆరేళ్ళా? నన్నడిగితే టీ చల్లారేలోపు చెప్పేవాణ్ణి."

అక్క నవ్వలేదు. వాళ్ళ నాన్న మార్కుగారు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవారు. అక్కడి మేనేజరు మూడేళ్ళు వరసగా లాభం చూపించి, బోనసు పుచ్చుకుని, నాలుగో ఏడు కనపడకుండా పోయాడు. మిషన్లకి రిపేర్లు చేయించకుండా మిగిల్చిన డబ్బే ఆ లాభం. మిషన్లు ఆగాయి, ఫ్యాక్టరీ మూతపడింది, మార్కుగారు ఇంట్లో కూర్చున్నారు. అక్క చదువు అక్కడ మొదలైంది.

తెనాలి పప్పు మిల్లులు, మా పక్కూరు నగరం వైపు రైసు మిల్లులు, రేపల్లె వైపు ఐసు ఫ్యాక్టరీలు, మొత్తం అరవై చోట్ల ప్రశ్నల ఫారాలు నింపించాలి, ఒక్కోదాంట్లో మేనేజరు చెప్పేది సగం, ఓనరు చెప్పేది సగం. ఆదివారం చర్చి అయ్యాక అక్క నా బండెక్కేది. ఓనరు అమ్మగారి మోకాళ్ళ నొప్పుల దగ్గర మాట మొదలుపెట్టి, ఆయనకి తెలియకుండానే లాభం దగ్గర తేల్చేది. మిగతా రోజులు తనకి క్లాసులు కాబట్టి నేనొక్కణ్ణే వెళ్ళాలి. ఫారానికి రెండొందలు, పెట్రోలు వేరే.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పిలిచింది. "రేయ్ ప్రతాపూ, ఇటు రా." మెత్తగా పిలిచిందంటేనే భయపడాలి.

"ఈ ఐసు ఫ్యాక్టరీకి మేలో అమ్మకం ఎక్కువని ఉందేంట్రా?"

"ఎండలక్కా. మేలో ఐసు కాక కుంపట్లు అమ్ముతారా?"

"పడవలకి తప్ప ఎవరికీ అమ్మరని పైన నువ్వే రాశావు. మేలో వేట నిషేధం. ఒక్క పడవ కదలదు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఏం తిన్నామో నాకు ఇంకా గుర్తుందిరా."

నేను రాసింది నేనే మళ్ళీ చదువుకున్నాను. పుట్టాక అదే మొదటిసారి.

"ఇలా నువ్వే పుట్టించినవి ఎన్ని?"

"ఒకటేనక్కా." తను చూస్తూనే ఉంది. "నాలుగు." ఇంకా చూస్తోంది. "తొమ్మిది."

టేబులు మీద తల ఆన్చింది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "తప్పు నాదేరా. ఫారానికింత అన్నాను, నువ్వు ఫారాలు తెచ్చావు. ఆరేళ్ళు ఇదే చదివి, నా మేనేజర్ని నేనే ఇలా పెట్టుకున్నాను."

గైడు పాండురంగారావుగారికి ఫోను చేసింది. "తొమ్మిదేగా, ఉంచెయ్యమ్మా. ఎవరు చూస్తారు?" అన్నారాయన.

"నేను చూశాను కదండి."

"సరే, తీసెయ్. కానీ అరవై లేకుండా నేను సంతకం పెట్టనమ్మా."

అక్క జీతం లేని సెలవు పెట్టింది. నాకిక ఫారానికి కాదు, రోజుకింత కూలి. ప్రతిచోటికీ తనూ వస్తుంది. ఎనిమిది దొరికాయి. మార్చి ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున తొమ్మిదోదాని కోసం బాపట్లలో మీరా మొహిద్దీన్‌గారింటికి వెళ్ళాం. రైసు మిల్లు నగరంలో, ఓనరు ఇక్కడ.

"మా శివరామయ్య చెప్పింది రాసుకోమ్మా. పదేళ్ళ నుంచి మిల్లు చూసేది ఆయనే."

"ఆయన సగం ఆయన నింపారండి. ఇది మీ సగం. మీ మిల్లుకి నిరుడు లాభం ఎంత?"

ఆయన పంకా వైపు చూశాడు, భార్య అబీదాగారి వైపు చూశాడు. ఆ ఫారంలో ఒక అంకె వేసి లేచిపోదామని నా చెయ్యి ఎంత లాగిందో ఆ దేవుడికే తెలుసు.

"తెలీదని రాయొచ్చండి," అంది అక్క. "దానికీ గడి ఉంది."

ఆయన నా చేతిలో పెన్ను తీసుకున్నాడు. చివరికి తన చేత్తోనే 'తెలియదు' అని రాసి, సంతకం పెట్టాడు. "అబీదా, నా చెప్పులెక్కడ? నగరం మిల్లు దాకా వెళ్ళొస్తాను," అన్నాడు.

మర్నాడు అక్క గ్రంథం అందజేసింది. ఉద్యోగం కాగితం జూన్లో వచ్చింది. ఆ గ్రంథంలో నూట ఎనభై మూడో పేజీలో, తీసేసిన తొమ్మిది ఫారాల గురించి, అవి రాసిన మనిషి గురించి నాలుగు వరసలున్నాయి. మా ఊళ్ళో పీహెచ్‌డీలోకి ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరొచ్చినా ఆ పేజీ తీసి చూపిస్తాను. పూర్తిగా మాత్రం చదవనివ్వను.