గిటారు పొట్టకు కన్నం

వడ్రంగి బావగారు ఏది కనిపించినా వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. తలుపు, బల్ల, పుచ్చకాయ, ఒకసారి బ్యాంకు మేనేజరుగారి బీరువా! అన్నిటికీ ఒకటే తీర్పు: "మొద్దు!" వాటి తప్పేముంది? ఆ చలికాలమంతా ఆయన చెవిలో మోగుతున్నది ఒకే ఒక్క చెక్క, తను చేస్తున్న గిటారు పొట్ట చెక్క. అగ్గిపెట్టెంత చిత్రికతో గీసి గీసి, దాన్ని వయోలిన్ పొట్టలా ఉబ్బెత్తుగా తేల్చాడు. ఊదితే పలికేలా ఉంది.

గిటారు మరదలి కోసం. ఆమె డాన్సు హాల్లో డ్రమ్ముల పక్కన నిలబడి వాయిస్తుంది. కరెంటు గిటారు కాకపోతే వినపడదు. వెనకగదిలో పాత కుట్టుమిషను తిప్పుతూ, వెంట్రుకలాంటి రాగితీగతో, మీటిన స్వరాన్ని పట్టి స్పీకరుకు పంపే పికప్ చుట్టేది ఆయన భార్య. ఆ చుట్ట దిగాలంటే ఉబ్బెత్తు చెక్కకు కన్నం పెట్టాలి. సాయంత్రం కచేరీ. బావగారు రంపం ముట్టడం లేదు.

"నా చెక్క గొంతు పోతుందే!"

"పక్కన రెండు వంకర కన్నాలు కోసినప్పుడు పోలేదా?"

"అవి ముక్కుపుటాలు. నువ్వు పెట్టమనేది బొక్క!"

చివరికి, చెక్కను తాకకుండా గిటారు మెడ అంచున పికప్ వేలాడదీద్దామన్నాడు.

"చూరుకి గబ్బిలంలాగానా?" అని భార్య మూతి తిప్పినా, ఆమే బిగించింది.

మరదలు వచ్చి, గిటారును స్పీకరుకు తగిలించి మెల్లగా మీటింది. అబ్బ, పొద్దుటి గాలిలా తేలికగా వచ్చింది పాట! బావగారు మీసం దువ్వుకున్నాడు.

"ఆగు బావా, డ్రమ్ముల మధ్య ఇది చాలదు" అంటూ ఆమె స్పీకరు మోత పెంచింది. ఆ మోతకు పలచటి చెక్క ఊగింది, ఆ ఊపుకు మోత ఇంకా పెరిగింది. గిటారు తనంతట తానే ఊళ మొదలెట్టింది! మేకుల డబ్బా బల్ల మీద గంతులేసింది.

"విన్నారా గొంతు!" బావగారు చప్పట్లు కొట్టాడు.

"గొంతా? తోక తొక్కిన కుక్క!" భార్య చెవులు మూసుకుంది. "ఆ చెక్క నెత్తిన ఈ చుట్ట బరువు పెడితేగానీ కుదురుగా ఉండదు. మీలాగే."

"దీంతో వెళ్తే హాలంతా నన్ను తరుముతుంది బావా" అంది మరదలు.

ఆయన చెక్కను ఒకసారి తట్టాడు. విన్నాడు. రంపం తీసి, ఊపిరి బిగబట్టి, చకచకా కోసేశాడు. భార్య చుట్టను కన్నంలో దించి మరలు బిగించింది. మళ్ళీ అంతే మోత పెట్టి, మరదలు మీటింది.

ఊళ లేదు. ముందరి గాలిలాంటి తేలికదనం కొంచెం తగ్గింది, నిజమే. కానీ ఒక్కో స్వరం నిండుగా, గుండ్రంగా, వెచ్చటి గచ్చు మీద పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వచ్చింది. చెక్కా అదే, తీగా అదే, ఎవరిది ఏ గొంతో తెలియటం లేదు. బావగారి పాదాలు ఆయన్ను అడక్కుండానే ఆడుతున్నాయి.

"ఏమే, ఇంకో చుట్ట ఉందా?"

"ఎందుకు?"

"కింద ఇంకో కన్నం పెడితేనో..."

"ఉంది! ఉంది!" ఆమె వెనకగదిలోకి ఉరికింది.

మరదలు గిటారును వాటేసుకుని, స్పీకరు తీగ ఈడ్చుకుంటూ వీధిలోకి పరుగు.

"అక్కా, బావని పట్టుకోవే!"

తిరిగి చూస్తే రంపంతో బావ వెనకే ఉన్నాడు. కొంగు బిగించి, చుట్ట చేతపట్టి, అక్క ఆయన్ను దాటేసి వస్తోంది.