కంపెనీ కిరాయిదారు

బీదరులో చౌబారా బురుజు వెనక సందులో చంద్రవ్వకు రెండు వాటాల ఇల్లుండేది. ఒక దాంట్లో తను, రెండో దాంట్లో కిరాయిదార్లు. మొగుడు పోయాక పూట గడవడానికే ఇల్లు కిరాయికిస్తున్నానని లోకానికి చెప్పుకునేది. అది సగం నిజం. పొద్దున్నే ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆవిడకు చాయ్ గొంతు దిగదు. తాలింపు ఘాటెక్కువని ఒకరిని, బావి దగ్గర సబ్బునీళ్లు కారబెట్టారని ఇంకొకరిని తిట్టేది. చప్పుడు చేయనివాళ్లనైతే ఏం దాస్తున్నారని నిలదీసేది. అందుకే ఎవరూ ఏడాది నిలవలేదు.

నిలిచింది లలితమ్మ ఒక్కతే. మాటకు మాట అప్పజెప్పేది గనక నిలిచింది. ఆమె భర్త వెంకటస్వామి సంగారెడ్డి వైపు నుంచి వచ్చి ఎరువుల కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి పదేళ్లు దాటింది.

ఒకనాటి సాయంత్రం అతను నసుగుతూ వచ్చాడు.

"అవ్వా, కిరాయినామాల మా కంపెనీ పేరు గూడ ఎక్కియ్యాలె. అట్లయితెనే కిరాయి కంపెనోళ్లు కడ్తరు. లేకుంటె మమ్మల్ని క్వార్టర్లకు పొమ్మంటున్రు."

"ఎక్కిస్త గని, ముందుగాల ఆయన్ని తోల్కరా. ఎసొంటోడో చూడాలె."

"ఎవర్నవ్వా?"

"కంపెనీని."

కంపెనీ అంటే మనిషి కాదని చెప్పి చెప్పి అతని నోరు నొచ్చింది. చివరికి మేనేజరు అంబాదాసే స్టాంపు కాగితం పట్టుకుని వచ్చాడు. చట్టం లెక్కన కంపెనీ కూడా ఒక మనిషేననీ, దానికి పెళ్లాం పిల్లల్లేరనీ, రోగం రాదనీ, చావు లేదనీ నచ్చజెప్పాడు.

"సన్నాసికైన ఆకలుంటది," అంది చంద్రవ్వ అనుమానంగా.

"ఎక్కియ్యవ్వా," అంది లలితమ్మ తలుపు చాటు నుంచి. "మేం పోతె నీ నోటికి ఓర్చుకునేటోళ్లు ఈ వాడకట్టుల ఎవరున్నరు?"

ఆ మాట చంద్రవ్వకు తగలాల్సిన చోటే తగిలింది. నువ్వు పోతే నాకు దిక్కెవరని అడగడం కన్నా నాలుక కోసుకోవడం నయమనుకునే మనిషి ఆవిడ. చెప్పులేసుకుని లోపలికొచ్చావని అంబాదాసును నాలుగు దులిపి, వేలిముద్ర వేసింది.

వానలు వెళ్లేసరికి కంపెనీ వెంకటస్వామిని బసవకళ్యాణ్‌కు బదిలీ చేసింది. లలితమ్మ బండెక్కేదాకా పోట్లాడి, ఎక్కాక ఏడ్చింది. కొత్త సంసారం దిగుతుందని చంద్రవ్వ వాకిలి ఊడ్చి పెట్టింది. ఎవరూ దిగలేదు. కంపెనీ ఆ వాటా తలుపుకు తాళం వేసి, ఎప్పుడో రాబోయే పెద్ద ఆఫీసరు కోసం ఇల్లు అట్టిపెట్టుకుంది. కిరాయి మాత్రం అడక్కముందే వచ్చేది. చప్పుడు లేదు, తాలింపు లేదు, బావి దగ్గర చుక్క సబ్బునీళ్లు లేవు. చంద్రవ్వ అదృష్టం చూసి వాడకట్టు కుళ్లుకుంది. ఆవిడ కొన్నాళ్లు తాళం మీదే అరిచి చూసింది. గొంతు నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

చివరికి కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. అంబాదాస్ లేచి కుర్చీ వేశాడు.

"కిరాయి అందలేదా అమ్మా?"

"అందింది. మీ కంపెనీని నా ఇల్లు ఖాళీ చెయ్యమను నాయనా."

"ఏం తప్పు చేసింది?"

చంద్రవ్వ అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఆ సంవత్సరంలో మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది.

"ఎన్ని తిట్టినా పలుకుతలేదు. ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్లు లేరు."

అంబాదాస్ కిరాయినామా తెప్పించి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కిరాయిదారు మాట్లాడాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదమ్మా అన్నాడు.